ఆటిజం పిల్లల బడిలో ప్రార్థన, భోజనం, పండగ: అందరినీ ఒకచోట ఎలా ఉంచుతున్నారు?

గంటస్తంభం
విజయనగరం వైపు చిన్న బడి. 14 మంది పిల్లలు, వయసు 5 నుంచి 15. ముగ్గురు టీచర్లు, ఇద్దరు ఆయాలు. ఒక్కొక్కరితో విడిగా పని బాగానే సాగుతుంది. ప్రార్థన, భోజనం, పుట్టినరోజు లాంటివి వచ్చేసరికి అంతా చెల్లాచెదురు. సిరిమానోత్సవానికి (మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర) తీసుకెళ్తారా అని తల్లిదండ్రులు అప్పుడే అడుగుతున్నారు. థెరపీల గురించి కాదు, నలుగురితో కలిసి ఉండటం గురించి చెప్పండి. లెక్కలతో, కొలతలతో చెబితే మేలు.

నాగావళి గట్టు
ప్రార్థనతో మొదలెడదాం. ముందు ఆ ఇనప గంట కొట్టడం ఆపేయండి. సగం గొడవ అక్కడే పుడుతుంది. రోజూ ఒకే పాట ఫోన్లో తక్కువ సౌండుతో పెట్టండి, పాట అయ్యేలోగా కుర్చీల్లోకి రావాలి. చాప వద్దు. చాప మీద ఎవరి చోటు ఎంతవరకో తెలీదు, మోకాళ్ళు తగులుతాయి, తోపులాట మొదలవుతుంది. కుర్చీలు అర్ధచంద్రంలా వేసి, చెయ్యి చాస్తే పక్కవాడికి తగలనంత ఎడం ఉంచండి. కుర్చీ కాళ్ళు ఎక్కడుండాలో నేల మీద రంగు టేపు వేయండి. 14 మందినీ ఒకేసారి వద్దు, ఏడుగురు చొప్పున రెండు జట్లు. పది నిమిషాలు చాలు.

హాజరు పిలవడం కంటే అతికించడం మంచిది. గోడ మీద రెండు చార్టులు: ఒకదాని మీద బడి ఫొటో, ఇంకోదాని మీద ఇల్లు. పొద్దున్న అందరి ఫొటోలూ ఇంటి చార్టు మీద ఉంటాయి. వచ్చినవాడు తన ఫొటో పర్‌మని పీకి (ఒకదానికొకటి అతుక్కునే ఆ వెల్క్రో పట్టీల చప్పుడు కొందరికి భలే ఇష్టం) బడి చార్టు మీద అంటిస్తాడు. రానివాడి ఫొటో ఇంటి దగ్గరే మిగిలిపోతుంది. కొన్ని వారాలకి ఆ మిగిలిన ఫొటో వైపు వేలు చూపించేవాళ్ళు తయారవుతారు. పక్కవాడు రాలేదని గమనించడమంటే అదే, దానికి వేరే పాఠం అక్కర్లేదు.

పొందూరు మగ్గం
వెల్క్రో మాటొచ్చింది కాబట్టి: మాటకి బదులు పిల్లలు ఇచ్చే బొమ్మ కార్డు వెనక మెత్తటి ముక్క, బోర్డు మీద గరుకు ముక్క. అన్ని తరగతుల్లోనూ, ఇంట్లోనూ ఇదే. ఎవరైనా తిరగేసి అతికించారో, ఆ తరగతి కార్డులు ఇంకెక్కడా అంటుకోవు. కార్టూను బొమ్మలు వద్దు, మీ బడి కంచం, మీ బడి బాత్రూం తలుపు ఫొటోలే తీయండి. మెరిసే లామినేషన్ ట్యూబులైటు కింద తళుక్కుమని బొమ్మ కనబడదు, మెరుపు లేనిది అడగండి.

కూర్చోలేనివాణ్ణి పట్టి కూర్చోబెట్టడం దండగ. వాడికి పని ఇవ్వండి. కుర్చీలు తెచ్చి టేపు గుర్తుల మీద పెట్టేవాడు, చార్టు పట్టుకుని తిరిగేవాడు, నీళ్ళ సీసాల ట్రే మోసేవాడు. బరువు మోస్తే కొందరికి ఒళ్ళు కుదుటపడుతుంది. బయటికి పోవడానికి ఒక 'బ్రేక్' కార్డు కూడా ఉండాలి. ఆ కార్డు ఇచ్చినవాణ్ణి ఆ క్షణమే వదలండి, రెండు నిమిషాల ఇసుక గడియారం తిప్పండి. 'ఇంకొక్క పాటరా, కూచో' అన్నారా, మర్నాడు కార్డు ఇవ్వడు, కొరుకుతాడు.

చోడంబలి
భోజనాల సంగతి నేను చెప్తాను మేడమ్. స్టీలు కంచాలు రాతి అరుగు మీద పడితే ఆ మోతకే సగం మంది లేచిపోతారు. కింద పాత దుప్పటి మడతేసి పరిచీయండి. బకెట్టులో గరిట గీకకుండా వంటింట్లోనే వడ్డించి తెచ్చీయండి. పోపు పెట్టేటప్పుడు తినే గది తలుపు మూసుకోవాలి, మిరపకాయ ఘాటు తగిల్తే ఇంక ఆ రోజు ఆ గదిలోకి రారు.

అన్నం మీద పప్పు పోసీకండి. గళ్ళ కంచంలో అన్నం ఒక గడి, పప్పు ఒక గడి. రెండూ తగిల్తే తినడు, అది పొగరు కాదు.

కొత్త కూర అలవాటు చెయ్యాలని ఇడ్లీలో దాచి పెట్టడం అన్నింటికంటే పెద్ద తప్పు. కనిపెట్టాడంటే ఇడ్లీ కూడా మానేస్తాడు. తినేదే నాలుగు రకాలైతే మూడే మిగుల్తాయి. కొత్తది చిన్న గిన్నెలో, కంచానికి జానెడు దూరంలో పెట్టి ఊరుకోండి. తర్వాత కంచం పక్కకి, ఆ తర్వాత ఖాళీ గడిలోకి, అటుపైన ముట్టుకోవడం, వాసన చూడ్డం, నాలిక్కి తగిలించడం. ఒక్కో మెట్టుకి వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు. ఏటంటే, అంబలి కూడా రోజూ ఒకే చిక్కదనం ఉండాలి. నిన్న తాగినవాడు ఇవాళ తోసేశాడంటే ఎక్కువసార్లు కారణం అదే. పిండి ఎన్ని గరిటలు, నీళ్ళు ఎన్ని గ్లాసులు అన్నది గోడ మీద రాసి పెట్టండి, ఏ ఆయా కాసినా ఒకేలా రావాలి.

గంటస్తంభం
గోధుమలు, పాలు మానిపిస్తే పిల్లలు నెమ్మదిస్తారని ఇద్దరు తల్లులు పట్టుబడుతున్నారు.

బొబ్బిలి పనస
ఆటిజానికి అది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదమ్మా. అసలే తక్కువ రకాలు తినేవాడికి ఇంకో రెండు తీసేస్తే బరువు తగ్గుతాడు. పాలు పడక కడుపునొప్పి, విరేచనాలు ఉంటే అది వేరే సంగతి, డాక్టరుకి చూపించి మానిపించండి.

నేను చెప్పదలచుకున్నది పదిన్నర చిరుతిండి గురించి. మాట రాని పిల్లల్ని ఒకరితో ఒకరిని కలపాలంటే అంతకంటే మంచి వేళ లేదు. బొమ్మ కార్డు ఇచ్చి అడగడం ముందు పెద్దవాళ్ళతో రావాలి. దానికి ఇద్దరు పెద్దలు కావాలి: ఎదురుగా డబ్బాతో ఒకరు, వెనక నుంచి చెయ్యి నడిపించేవారు ఒకరు. వెనకున్నవారు ఒక్క మాటా మాట్లాడకూడదు. ఎదుటివారు 'ఏం కావాలి?' అని ముందే అడగకూడదు. అడిగితే, అడిగినప్పుడే కార్డు ఇవ్వాలని నేర్చుకుంటాడు.

అది కుదిరాక డబ్బా ఇంకో పిల్లాడి చేతికివ్వండి. మరమరాలు పెట్టండి, ఒక కార్డుకి ఒక చెంచాడే. గుప్పెడు పోస్తే ఒక్కసారితో ఆట అయిపోతుంది, చెంచాడైతే పది నిమిషాల్లో ఇరవైసార్లు ఒకరి ముందు ఒకరు చెయ్యి చాపుతారు. డబ్బా పట్టుకున్నవాడికి ముందే కడుపు నిండి ఉండాలి, లేకపోతే వాడే తినేస్తాడు. ఈ మాట ఏ ట్రైనింగులోనూ చెప్పరు!

కోట గుమ్మం
పక్క గవర్నమెంటు స్కూలు పిల్లల్ని ఆటకి పిలవండి. నలుగురే, ప్రతి వారం ఆ నలుగురే, 20 నిమిషాలు. 'వెళ్ళి ఆడుకోండర్రా' అంటే నలుగురూ ఒక మూల, మనవాళ్ళు ఇంకో మూల. వంతులున్న ఆట కావాలి. క్యారమ్స్ బాగా పనికొస్తుంది, ఎందుకంటే స్ట్రైకరు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే వంతు, వేరే గుర్తు అక్కర్లేదు. రూల్సు వదిలేయండి, ఒక దెబ్బ కొట్టి స్ట్రైకరు పక్కవాడికివ్వడమే ఆట. వామనగుంటలు కూడా మంచివే గానీ, నోట్లో పెట్టుకునే పిల్లలుంటే చింతపిక్కలు తేవొద్దు.

మూడు లాంతర్లు
సిరిమాను దగ్గరికి ఇప్పుడే వద్దనే నా మాట. విజయదశమి తర్వాతొచ్చే మంగళవారం ఉత్సవం, సోమవారం తొలేళ్ళు. ఆ రెండు రోజులూ ఊరు ఊరంతా రోడ్డు మీదే. సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతుంది, జనంలో ఇరుక్కుంటే పిల్లాణ్ణి వెనక్కి తేవడానికి దారుండదు.

బదులుగా అంతకు ముందు వారం పొద్దున్నే గుడికి తీసుకెళ్ళి, ఫొటోలు తీసి, వాటితోనే బడిలో ఐదారు పేజీల పుస్తకం కుట్టండి. జాతర చప్పుడు అలవాటవడానికి తప్పెటగుళ్ళు (రొమ్ముకి కట్టుకుని వాయించేవి) వాయించే ఒక్కరిని పిలవండి, బృందాన్ని కాదు. మొదటి రోజు గేటు బయట రెండు నిమిషాలు, తర్వాత వరండాలో. చెవులకి పెట్టే మఫ్‌లు ఉత్సవం రోజు కొత్తగా తగిలిస్తే పీకి పారేస్తారు, రెండు వారాల ముందు నుంచీ రోజూ ఐదు నిమిషాలు అలవాటు చేయండి. రోజంతా మాత్రం ఉంచొద్దు, మామూలు చప్పుళ్ళు కూడా భరించలేకుండా పోతారు.

కళింగపట్నం దీపం
పుట్టినరోజులకి బయటినుంచి వచ్చే దాతల గురించి ఎవరూ రాయలేదేం? కేకు, ఇరవై మంది బంధువులు, చప్పట్లు, ఫొటోలు. పిల్లలు అక్కడ అలంకారానికి కూర్చుంటారు. బడి నియమం కాగితం మీద రాసి ముందే పంపండి: ముగ్గురికి మించి రాకూడదు, ఫ్లాష్ వద్దు, పిల్లల ఫొటోలు అసలే వద్దు. చప్పట్లకి బదులు చేతులు పైకెత్తి ఆడించడం. ఎవరినీ ఎత్తుకోవద్దు, 'హాయ్ చెప్పు' అని గడ్డం పట్టుకోవద్దు. వచ్చినవాళ్ళని మరమరాల డబ్బా దగ్గర కూర్చోబెట్టండి, కార్డు తీసుకుని చెంచాడు ఇవ్వడమే వాళ్ళ పని. పిల్లలకి కూడా కావలించుకోవడం కాదు, నమస్కారం నేర్పాలి. ఐదేళ్ళప్పుడు ముద్దొచ్చే కావలింత పదిహేనేళ్ళప్పుడు పోలీసు కేసవుతుంది.

నాగావళి గట్టు
ఎవరికైనా ఉద్రేకం వస్తే వాణ్ణి ఈడ్చుకెళ్ళొద్దు, మిగతా పిల్లల్నే బయటికి తీసుకెళ్ళండి. ఒక్కరే దగ్గరుండాలి, తక్కువ మాటలు. ఫిట్స్ ఉన్న పిల్లలుంటే ఇంకో మాట: చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం రెండూ తప్పే. పక్కకి తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108. పక్కనున్న పిల్లలకి ఆ సమయంలో ఏం చెయ్యాలో ముందే ఫొటోలతో చూపించి ఉంచాలి, లేకపోతే వాళ్ళూ భయపడి పరిగెత్తుతారు.

గంటస్తంభం
పరిగెత్తడమంటే గుర్తొచ్చింది. మా వెనక చెరువుంది.

పొందూరు మగ్గం
అయితే పండగ కంటే ముందు అదే చూడండి మేడమ్. ఈ పిల్లల్లో చాలామందికి నీళ్ళంటే ప్రాణం, లోతు తెలీదు. గేటు గడియ బయటి వైపు, పిల్లలకి అందనంత పైన. ఒక గేటు కాదు, మధ్యలో నాలుగడుగుల చోటుతో రెండు, ఒకటి మూశాకే రెండోది తీయాలి. గది మారిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టండి, ఆ లెక్క పని ఆ రోజు ఒక్కరిదే, అందరిదీ అంటే ఎవరిదీ కాదు. చొక్కా లోపల మెడ దగ్గర గుడ్డముక్క మీద బడి ఫోన్ నంబరు కుట్టించండి, పేరు వద్దు. పిల్లాడు కనబడకపోతే రోడ్డు వెతకడం తర్వాత, మొదటి మనిషి నేరుగా చెరువు గట్టుకే పరిగెత్తాలి. ఆ మనిషి ఎవరో ఇవాళే అనుకోండి. ఈత వచ్చినవాళ్ళయి ఉండాలి.