నాలుగు నెలలు, పదకొండు పాటలు, ఒక్కటీ పూర్తిగా రాలేదు. గిటార్‌కి మొదటి పాట ఎలా ఎంచుకున్నారు?

కొర్లగుంట_కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి కొర్లగుంట. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. జూన్‌లో అకౌస్టిక్ గిటార్ కొన్నాను. మా ఇంట్లో ఇంతకుముందు వాయిద్యం పట్టినవాళ్లు ఎవరూ లేరు. క్లాసులకు వెళ్లే వీలు లేక యూట్యూబ్ చూసే నేర్చుకుంటున్నా. సి, జి, డి, ఏ మైనర్, ఈ మైనర్ కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి పలికేలా తీగలు నొక్కే పట్లు) వచ్చు. ఎఫ్ పట్టుకుంటే సగం తీగలు పలకవు.

ఏ పాట నచ్చితే ఆ పాట మొదలుపెట్టేస్తాను. పల్లవి వరకు ఎలాగో వస్తుంది. చరణంలో అడ్డం తగులుతుంది, అక్కడే ఆగిపోతాను. మర్నాడు ఇంకో పాట. ఇలా ఇప్పటికి పదకొండయ్యాయి. మొన్న మా అమ్మ చింతపండు గింజలు తీస్తూ "ఏదైనా ఒకటి వాయించు నాన్నా, వింటాను" అంది. పల్లవి వాయించి ఆపాను. "అయిపోయిందా?" అని అడిగింది. ఆ మాట అప్పట్నుంచి మనసులో తిరుగుతూనే ఉంది.

సంక్రాంతికి అక్క వస్తుంది. అప్పటికి ఒక్క పాటైనా మొదట్నుంచి చివరిదాకా వాయిస్తూ పాడాలి. మీరు మొదటి పాట ఎలా ఎంచుకున్నారు, రోజూ ఎలా సాధన చేశారు, చెప్పండి.

చిత్తూరు_మామిడి:
తమ్ముడూ, మాది గిరింపేట. నేను నలభై దాటాక మొదలుపెట్టినవాణ్ణి. పాట సంగతి తర్వాత, ముందు గిటార్ చూసుకో.

ఎనిమిది నెలలు నా వేళ్లదే తప్పనుకున్నాను. వేలి కొసలు కాయలు కాచాయి, అయినా ఎఫ్ పలకదు, సి కూడా పది నిమిషాలు పడితే చెయ్యి లాగేసేది. కొన్న షాపులో అడిగితే "వాయిస్తూ పోండి, అదే సర్దుకుంటుంది" అన్నారు. సర్దుకోలేదు. ఆఖరికి వేలూరులో గిటార్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చిన్న స్టీలు స్కేలు తీసుకుని 12వ ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) మీద నిలబెట్టి లావు తీగ కింద ఎంత ఖాళీ ఉందో నాకే చూపించారు. మూడున్నర మిల్లీమీటర్లు. కింద తీగలు ఆనే తెల్ల పట్టీని ఊడదీసి, దాని అడుగు భాగాన్ని గరుకు కాగితం మీద రుద్దారు. ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటరు దిగాలంటే పట్టీలో రెండు తియ్యాలట. కొంచెం రుద్దడం, పెట్టి చూడడం, మళ్లీ రుద్దడం. గంట పట్టింది. రెండున్నరకు దిగింది. తీగలు కూడా లావుగా ఉండే 12 సెట్ తీసేసి సన్నటి 10 సెట్ వేశారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి సి పట్టుకుంటే ఇదేనా నా గిటార్ అనిపించింది.

నువ్వూ కొలిచి చూడు. మూడు దాటి ఉంటే మాత్రం నిన్ను నువ్వు తిట్టుకోకు. పట్టీ రుద్దే పని ఇంట్లో చెయ్యొద్దు, ఎక్కువ తీసేస్తే తీగలు ఫ్రెట్లకు తగిలి గరగరమంటాయి.

అలిపిరి_మెట్లు:
నా అనుభవం ఒకటే మాట. "మూడు కార్డ్స్‌తో వాయించగల పాటలు" అనే జాబితాలు పక్కన పెట్టెయ్ బ్రో. అందులో నాకు నచ్చని పాటలు రెండు నేర్చుకున్నా, నెలకే మర్చిపోయా. స్నానం చేస్తూ, బండి మీద వెళ్తూ, మాటలు వెతుక్కోకుండా నువ్వు పాడగలిగే పాట ఏదో అది తీసుకో. సాహిత్యం గుర్తుచేసుకోవడానికే మెదడు సరిపోతే ఇక వేళ్లను ఎవరు చూస్తారు?

తిరుచానూరు_అక్క:
కుర్రోడు తమ్ముడూ, ఒకటి అడుగుతాను. చరణంలో ఆగిపోతున్నానన్నావు. ఆగేది వేలా, గొంతా?

ఎందుకంటే మన పాటల్లో పల్లవి మధ్య స్థాయిలో హాయిగా నడుస్తుంది, చరణంలో పైకి వెళ్తుంది. నెట్‌లో దొరికే కార్డ్స్ ఆ పాట పాడిన గాయకుడి శ్రుతిలో ఉంటాయి. వాళ్ల గొంతులు వేరు. మనం పల్లవి పాడుకుని బాగానే ఉందనుకుంటాం, చరణం రాగానే గొంతు బిగుసుకుంటుంది. గొంతు బిగిస్తే భుజం బిగుస్తుంది, భుజం బిగిస్తే వేళ్లు కదలవు. నాకు రెండేళ్లు ఇదే జరిగింది. కార్డ్ రావడం లేదని ఏడ్చేదాన్ని, తీరా చూస్తే శ్రుతి నాది కాదు.

అందుకని పాట ఎంచుకునేటప్పుడు గిటార్ ముట్టుకోకు. ముందు చరణంలో అన్నిటికంటే పైకి వెళ్లే లైన్ ఒక్కటే పాడి చూడు. అరవకుండా అందిందా, అదే నీ శ్రుతి. అందకపోతే కిందికి దించి పాడు. ఇప్పుడు ట్యూనర్ యాప్ పెట్టుకుని నీ "స" ఎక్కడుందో చూసుకో. సంగీతం నేర్చుకున్నవాళ్లు ఒకటి, ఒకటిన్నర, రెండు అంటారు కదా, అవి గిటార్ అక్షరాలే. ఒకటి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, మూడు ఈ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఏ. మగవాళ్లు చాలామంది ఒకటి నుంచి రెండు మధ్యలో పాడతారు, ఆడవాళ్లం ఐదు, ఐదున్నర దగ్గర. నాది ఐదున్నర. జి కార్డ్స్ పట్టుకుని మొదటి ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) పెడితే నా శ్రుతి వచ్చేస్తుంది.

ఇప్పుడు నువ్వు వాయించాలనుకునే పాట ఏది, దాని కార్డ్స్ ఏంటి, రాయి.

కొర్లగుంట_కుర్రోడు:
అక్కా, మీరు చెప్పినట్టే పాడి చూశాను. నిజంగానే గొంతు అందడం లేదు! ఇన్నాళ్లూ కార్డ్ వల్లే అనుకున్నా. మా నాన్న బండి తుడుస్తూ ఎప్పుడూ కూనిరాగం తీసే పాత సినిమా పాట అది. డి, బి మైనర్, జి, ఏ. బి మైనర్ దగ్గర చూపుడువేలు అడ్డంగా పరచాలి, అక్కడ చెయ్యి ఆగుతుంది. పై లైన్ రెండు ఫ్రెట్లు దించితే గొంతుకు హాయిగా ఉంది.

మామిడి అన్నా, కొలిచాను. రెండున్నర కంటే కొంచెం ఎక్కువుంది, అంతే. గిటార్ తప్పు లేదు.

తిరుచానూరు_అక్క:
అయితే రెండు కష్టాలకూ ఒకటే మందు. డి, బి మైనర్, జి, ఏ బదులు జి, ఈ మైనర్, సి, డి పట్టుకో. అన్నీ నీకొచ్చినవే. ఏడో ఫ్రెట్‌లో కేపో పెడితే అసలు పాట శ్రుతి. నీకు రెండు దిగాలి కాబట్టి ఐదో ఫ్రెట్‌లో పెట్టు. అంటే నువ్వు ఒకటి శ్రుతిలో పాడుతున్నావన్నమాట. కేపో పెట్టాక మళ్లీ ట్యూనింగ్ చూసుకో, ఆ నొక్కుడుకు తీగలు కొంచెం పైకి పోతాయి.

ఆరో_తీగ:
అక్క చెప్పింది బాగుంది కానీ నేను ఒప్పుకోను. కేపో పెట్టుకుని బి మైనర్, ఎఫ్ తప్పించుకుంటూ పోతే అవి ఎప్పుడు వస్తాయి? నేను ఏడాదిన్నర తప్పించుకున్నాను, తర్వాత స్నేహితులతో కలిసి వాయించాల్సి వచ్చినప్పుడు కదల్లేకపోయాను.

అలిపిరి_మెట్లు:
సంక్రాంతికి వాయించాలంటున్నాడు కదా బ్రో. పాట కేపోతో కానివ్వండి, ఎఫ్ విడిగా రోజూ ఐదు నిమిషాలు. ముందు చిన్న ఎఫ్, కింది నాలుగు తీగలే. పైన లావు తీగలు రెండూ వదిలెయ్యాలి. నాకు అది రావడానికి మూడు వారాలు, పూర్తి ఎఫ్‌కి ఇంకో మూడు నెలలు పట్టింది.

ఆరో_తీగ:
అలా అయితే సరే. విడిగానైనా రోజూ పట్టాలి, నా బాధ అదే.

నైట్‌షిఫ్ట్_రేణిగుంట:
సాధన గురించి నేను చెప్తాను, ఎందుకంటే నాకు రోజుకి ఇరవై నిమిషాలే దొరుకుతుంది. పొద్దున షిఫ్ట్ దిగి వచ్చాక పిల్లలు లేచేలోపు.

పాట మొదట్నుంచి చివరికి వాయించుకుంటూ పోవడం సాధన కాదు. వచ్చిన చోట చేయి ఆనందంగా తిరుగుతుంది, రాని చోట తడబడి దాటేస్తుంది. అలా రోజూ చేస్తే తడబాటే అలవాటవుతుంది. నేను చేసేది అతుకుల మీద పని. పాటలో నాలుగు కార్డ్స్ ఉంటే, ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లే అతుకులు కూడా ఒక నాలుగు ఉంటాయి. అందులో పాడు చేసేది ఒకటో రెండో. వాటినే తీసుకుని, ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి, అటూ ఇటూ ఎన్నిసార్లు శుభ్రంగా మారగలిగానో లెక్కపెడతాను. సి నుంచి జి కి మొదటి వారం నిమిషానికి 14. నెల తిరిగేసరికి 40 దాటింది. నోట్‌బుక్‌లో రాసుకుంటాను.

వేళ్లను దగ్గరగా చూడు, చాలా అతుకుల్లో అన్ని వేళ్లూ కదలక్కర్లేదు. ఏ మైనర్ నుంచి సి కి వెళ్లేటప్పుడు చూపుడువేలు రెండో తీగ (సన్న తీగ నుంచి లెక్క) మీదే ఉంటుంది, నడిమివేలు నాలుగో తీగ మీదే ఉంటుంది. ఉంగరం వేలు ఒక్కటే మూడో తీగ మీంచి ఐదో తీగ మూడో ఫ్రెట్‌కి వెళ్లాలి. నేను నాలుగు నెలలు మూడు వేళ్లూ గాల్లోకి ఎత్తి మళ్లీ దించేవాణ్ణి! రెండు వేళ్లు కదపకుండా ఆ ఒక్క వేలినే పంపడం మొదలుపెట్టిన రోజే ఆ అతుకు కుదిరింది.

అసలు పాటతో కలిపి వాయించాలంటే యూట్యూబ్‌లో వేగం 0.75 పెట్టుకో. శ్రుతి మారదు. కేపో మాత్రం ఏడుకి జరుపుకో. ఇంట్లో నిద్రపోతుంటే తీగల కింద, బ్రిడ్జ్ (గిటార్ పెట్టె మీద తీగలు బిగించే చెక్క) దగ్గర, జేబురుమాలు మడిచి దోపు. చప్పుడు తగ్గుతుంది, వేళ్లకు పని తగ్గదు.

సరళీస్వరం:
నేను ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకున్నాను. గిటార్ తర్వాత పట్టాను. అందరూ ఎడమ చేతి గురించే మాట్లాడుతున్నారు, పాట చెడేది ఎక్కువగా కుడి చేతి దగ్గర.

యూట్యూబ్‌లో నేర్చుకున్న పిల్లలు ఏ పాటకైనా "డౌన్, డౌన్, అప్, అప్, డౌన్, అప్" అనే ఒకే స్ట్రమ్మింగ్ (తీగలను కిందికీ పైకీ దువ్వే తీరు) వాడతారు. అది నాలుగు లెక్కకు సరిపోతుంది, తకధిమి తకధిమి. కానీ మన సినిమా పాటల్లో, జోలపాటల్లో, జానపదాల్లో తకిట తకిట అనే మూడు లెక్క నడక ఎంతో ఉంది. దాని మీద ఈ నాలుగు లెక్క వేస్తే పాట కుంటుతుంది. కార్డ్స్ అన్నీ సరిగ్గానే ఉంటాయి, ఎందుకు బాగోలేదో అర్థం కాదు. అందుకే ముందు తొడ మీద తాళం వేస్తూ పాట పాడు. చెయ్యి తకధిమి అంటోందా, తకిట అంటోందా తేలాక గిటార్ తీసుకో. తకిటకు నేను "త" మీద లావు తీగ ఒక్కటి మీటి, "కిట" మీద కింది తీగలు రెండుసార్లు తేలిగ్గా కిందికి దువ్వుతాను. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఇంకో మాట. మోహన రాగంలో "వరవీణా మృదుపాణి" గీతం చిన్నప్పుడు నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, దాన్ని గిటార్ మీద ఒక్కొక్క స్వరంగా వాయించి చూడండి. ఒకటి శ్రుతిలో "స" ఐదో తీగ మూడో ఫ్రెట్, "రి" నాలుగో తీగ ఊరికే మీటడం, "గ" దాని మీదే రెండో ఫ్రెట్, "ప" మూడో తీగ ఊరికే, "ద" దాని రెండో ఫ్రెట్, పై "స" రెండో తీగ మొదటి ఫ్రెట్. మూడు ఫ్రెట్లలో రాగం మొత్తం దొరుకుతుంది. గొంతుకు తెలిసిన పాట కాబట్టి తప్పు వేలు పడితే చెవే పట్టేస్తుంది. గిటార్‌వాళ్లు మేజర్ పెంటటానిక్ (ఐదు స్వరాల స్కేలు) అని నేర్చుకునేది ఇదే.

అలిపిరి_మెట్లు:
అన్నమయ్య కీర్తనలకు కార్డ్స్ వేయొచ్చా అండీ? మా ఇంట్లో అదే అడుగుతారు.

సరళీస్వరం:
రాగాన్ని బట్టి. శంకరాభరణం స్వరాలంటే మేజర్ స్కేలే, అలాంటి వాటికి కార్డ్స్ చాలావరకు కూర్చుంటాయి. గమకాలు ఎక్కువున్నచోట కార్డ్స్ మారుస్తూ పోతే రాగం ముఖం మారిపోతుంది, నాకు అది మనసొప్పదు. అక్కడ "స", "ప" రెండు స్వరాలే పట్టుకుని తంబురాలా మీటండి. గొంతు దాని పని అది చేసుకుంటుంది. తిరుపతిలో పుట్టి ఆ కీర్తనలు వింటూ పెరిగాం, వాటిని మెల్లగా, మర్యాదగా తీసుకుందాం.

చిత్తూరు_మామిడి:
ఇది చదివి ఇవాళ నా పాత పాట ఒకటి తొడ మీద తాళం వేసి చూసుకున్నాను. తకిటే. రెండేళ్లుగా నాలుగు లెక్కలో వాయిస్తున్నాను. ధన్యవాదాలండీ.

కొర్లగుంట_కుర్రోడు:
అందరికీ చెప్పాలి. సంక్రాంతి అయిపోయింది, ఇప్పుడు రాస్తున్నా.

ఆ ఒక్క పాటే పట్టుకున్నాను. ఐదో ఫ్రెట్‌లో కేపో. సి నుంచి డి అతుకే నన్ను ఏడిపించింది, మొదటి రోజు నిమిషానికి 11. డిసెంబరు చివరికి 38. ఎఫ్ రోజూ ఐదు నిమిషాలు, చిన్నది వస్తోంది.

కనుమ రోజు సాయంత్రం మిద్దె మీద వాయించాను. రెండో చరణంలో ఒకచోట మాట మర్చిపోయి, కార్డ్స్ మాత్రం ఆపకుండా తిప్పుతూ ఉన్నాను. అంతలో మా నాన్నే ఆ లైన్ అందుకున్నారు. ఆయన బయటికి పాడడం నేను ఎప్పుడూ వినలేదు. చివరి పల్లవి ఇద్దరం కలిసి పాడాం. అమ్మ ఈసారి ఏమీ అడగలేదు, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు మా అక్కకి కూడా అదే పాట పాడాలని ఉంది. నేను వాయిస్తే తను పాడుతుంది. కానీ నా శ్రుతి తనకు మరీ కిందికి పోతోంది. తనదీ ఐదు దగ్గరే ఉన్నట్టుంది. కేపో ఎక్కడ పెట్టాలి అక్కా?

తిరుచానూరు_అక్క:
కేపో తీసెయ్ నాన్నా. నువ్వు పట్టుకునేది జి, ఐదు అంటే జి యే. అదే వేళ్లతో వాయించు.