చెరువు "దుంకింది" అంటే ఉత్త పారడం కాదు

నిన్న ఒకరు అడిగారు, పేపర్లో "మత్తడి దుంకుతున్న చెరువులు" అని వార్త చూశారట, మత్తడి అంటే అలుగేనా, మరి ఈ దుంకడం ఏమిటని. రెండు ముక్కల్లో చెప్పేద్దామనుకున్నాను గానీ ఈ మాట వింటే చిన్నతనమంతా కళ్ల ముందుకొస్తుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

అర్థం వరకైతే అవును, రెండూ ఒకటే. చెరువు నిండాక మిగులు నీళ్లు కట్ట మీదికి ఎక్కకుండా బయటికి పోవడానికి ఓ పక్కన రాళ్లతో కట్టి ఉంచిన చోటు. మా వరంగల్ వైపు మత్తడి అంటాం, అలుగన్నా తెలుస్తుంది. నెల్లూరు వాళ్లు కలుజు అంటారు, అనంతపురం వైపు మరవ, చిత్తూరు వైపు మొరవ. తూము మాత్రం వేరు, కలపకండి. తూము పొలాలకు నీళ్లిచ్చేది, దాన్ని ఎత్తడం, దించడం నీరటి, అంటే ఊళ్లో చెరువు నీళ్లు చూసుకునే మనిషి, చేతిలో పని. మత్తడికి అలాంటిదేం లేదు, నిండితే పోతుంది, అంతే.

ఇక దుంకడం. దుంకు అంటే దూకు, తెలంగాణలో రోజూ వాడే మాటే. నీళ్లు మత్తడి రాళ్ల మీదుగా పల్చగా జారుతుంటే మా తాత "మత్తడి పడ్డది" అనేవాడు. నాలుగు రోజులు ముసురు పట్టి నీళ్లు రాయిని వదిలేసి ముందుకు ఎగిరి కింద పడుతుంటే అప్పుడు "దుంకుతున్నది". అలా దుంకినప్పుడు నీటికీ గోడకూ నడుమ ఒక మనిషి పట్టే సందు ఏర్పడేది. అందులో వీపు రాళ్లకు ఆనించి నిలబడితే ముందు తెల్లటి నీటి తెర, చెవుల్లో హోరు, పక్కనున్న వాడు ఏమరిచినా వినపడదు. నాచు పట్టిన రాయి మీద కాలు జారి నా మోకాలు చీరుకుపోయిన మచ్చ ఇంకా ఉంది. ఇప్పుడు పెద్దవాణ్ణయ్యాక చెబుతున్నా, అది ప్రాణాంతకమైన చోటు, పిల్లల్ని అటు పోనివ్వకండి.

మేం ఈత నేర్చుకున్నది మాత్రం చెరువులో కాదు, మోటబావిలో. నడుముకు ఎండిన సొరకాయ బుర్రో, మూత బిగించిన ఖాళీ నూనె డబ్బానో కట్టి, బాబాయి పైనుంచి "దుంకురా" అనేవాడు. చెరువుకూ మాకూ ఒకటే క్రియ, అందుకే నాకీ మాట అంటే ప్రాణం. "ఈతకు మించిన లోతు లేదు" అని పెద్దలు ఎందుకంటారో డబ్బా విప్పేసిన రోజు అర్థమైంది, కింద రెండు మట్టుల నీళ్లున్నా పది మట్టులున్నా తేలే వాడికి ఒకటే.

ఇంటికెళ్లాక ఎంత తుడుచుకున్నా లాభం లేదు. అమ్మ ఏం అడగకుండా పిక్క మీద గోటితో ఒక గీత గీసేది. తెల్లగా చార పడితే నీళ్లలో నానినట్టే, వీపు విమానం మోతే.

ఇంకో సంగతి. మా దగ్గర చెరువులు గొలుసుకట్టు, పై చెరువు మత్తడి నీళ్లే కింది చెరువుకు వస్తాయి. కాకతీయుల కాలం నుంచీ ఉన్న పద్ధతి, పాకాల, రామప్ప చెరువులు కూడా ఆ కాలంలో తవ్వించినవే. కాబట్టి "పై ఊరి చెరువు దుంకిందట" అని ఎవరైనా చెప్పారంటే అది మా ఊరి వార్తే, రేపో ఎల్లుండో మాకూ నీళ్లొస్తాయని, వరి నాట్లకు ఢోకా లేదని. జనం కట్ట మైసమ్మకు కొబ్బరికాయ కొట్టి, మత్తడి కింద ఎదురెక్కే చేపల కోసం వలలు పట్టుకుని పోయేవాళ్లు.

ఇప్పుడు పేపర్లలో, ఆఫీసుల్లో అంతా ఎఫ్‌టీఎల్ అంటున్నారు, ఫుల్ ట్యాంక్ లెవెల్, అంటే చెరువు నిండినప్పటి నీటి మట్టం. మత్తడి ఎత్తే కదా ఆ మట్టాన్ని తేల్చేది, మరి "మత్తడి మట్టం" అంటే ఏం పోయింది? మా ఊళ్లో రైతులకు ఒక్క మాటలో తెలుస్తుంది.

శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, చెరువు నిండి పొర్లితే మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ మాట అంటారు? క్రియతో సహా రాయండి, ఉత్త నామవాచకం వద్దు.