గొంగళిపురుగు నడుము చూసి చలికాలం ఎలా ఉంటుందో చెప్పవచ్చా?

చర్చాంశం: ఆకులు రాలే కాలంలో పురుగులు, కాయల కాపు, జంతువుల నడవడి చూసి రాబోయే చలి తీవ్రతను ముందే చెప్పవచ్చునన్న నమ్మకానికి ఆధారం ఉందా?

ఉత్తరగాలి

ఉత్తర అమెరికాలో శరత్తు మొదలుకాగానే ఏటా వార్తల్లోకి ఎక్కే జీవి ‘ఊలీ బేర్’ అనే గొంగళిపురుగు. దాని ఒంటికి రెండు కొసలా నల్లని నూగు, నడుమ ఇటుకరంగు పట్టీ ఉంటాయి. దాని ఒంటిలోని మొత్తం 13 ఖండాల్లో ఇటుకరంగువి ఎక్కువైతే చలికాలం తేలిగ్గా గడుస్తుందని, నలుపు ఎక్కువైతే మంచు ముంచెత్తుతుందని అక్కడివారు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. దీన్ని మూఢనమ్మకమని ఒక్కమాటతో కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో కీటకాల విభాగం చూసిన సి. హెచ్. కర్రన్ 1948లో బేర్ మౌంటెన్ ప్రాంతానికి వెళ్లి, ఈ పురుగులను ఏరి, ఇటుకరంగు ఖండాలను లెక్కపెట్టారు. 1956 వరకు సాగిన ఆ పరిశీలనలో సగటు 5.3, 5.6 మధ్య ఉందని, అందుకు తగ్గట్టే ఆ చలికాలాలు తేలిగ్గా గడిచాయని చెబుతారు. ఓక్ చెట్లు విరగకాసిన ఏడు, ఉడుతలు తెగ హడావిడిగా గింజలు దాచిన ఏడు చలి గట్టిగా ఉంటుందన్న మాట కూడా విస్తృతంగా ఉన్నదే. చెట్టును, నేలను కనిపెట్టుకొని బతికినవారు చూసినదానిలో ఏ సత్తువా లేకపోతే ఆ మాట ఇన్ని తరాలు నిలిచేదా?

కొలతబద్ద

ఉత్తరగాలి గారూ, కర్రన్ గారి పరిశీలన జరిగిన మాట నిజమే. అయితే ఆయన చూసిన పురుగుల సంఖ్య చాలా తక్కువ, ఆ సంగతి ఆయనకూ తెలుసు. నిజానికి అది సగం పరిశోధన, సగం విహారయాత్ర: ఆయన, మిత్రులు కలిసి తమకు ‘ఊలీ బేర్ మిత్రుల సంఘం’ అనే అర్థం వచ్చే పేరు సరదాగా పెట్టుకొని, ఆకుల రంగులు చూడటానికి కొండకు వెళ్లేవారు. (అటువంటి పరిశోధన చేసే అవకాశం వస్తే నేనూ కాదనను.)

అసలు చిక్కు లెక్కలో కంటే పురుగులోనే ఉంది. అది పెరుగుతూ కుబుసం విడిచిన కొద్దీ నలుపు తగ్గి, ఇటుకరంగు పట్టీ వెడల్పవుతుంది. కాబట్టి అక్టోబరులో పట్టీ సన్నగా ఉన్న పురుగు కనిపించిందంటే అది ఇంకా పూర్తిగా ఎదగలేదని, బహుశా ఆలస్యంగా గుడ్డులోంచి వచ్చిందని, లేదా దానికి మేత సరిగా అందలేదని ఊహించవచ్చు. ఇవన్నీ గడిచిన వసంతానికీ వేసవికీ సంబంధించిన సమాచారమే. ఒకే రోజున, ఒకే కంచె పక్కన, పట్టీ వెడల్పుగా ఉన్నదీ సన్నగా ఉన్నదీ రెండూ దొరుకుతాయి. అప్పుడు దేని మాట వినాలి? పైగా చలిని ముందే పసిగట్టాల్సిన అగత్యం దానికి లేదు. ఒంట్లో గ్లిసరాల్ వంటి పదార్థాలు కూడగట్టుకొని, గడ్డకట్టినా చావకుండా, చలికాలం ఎలాంటిదైనా రాలిన ఆకుల కింద దాన్ని గడపగలదు.

ఓక్ కాపుదీ అదే కథ. ఆ చెట్లు కొన్నేళ్లకోసారి ఒక ప్రాంతమంతటా ఒక్కసారిగా విరగకాస్తాయి. పూత సమయంలో వాతావరణం పొడిగా, వెచ్చగా ఉండి పుప్పొడి బాగా అందడం, పూతను మంచు దెబ్బతీయకపోవడం అందుకు ముఖ్యమైన కారణాలు. గింజలు కుప్పలుగా రాలితే ఉడుతలు ఎక్కువగా దాస్తాయి. ఎదుట ఉన్నదాన్ని దాచుకోవడానికి రాబోయేది తెలియనక్కరలేదు.

మంచు కుందేలు సంగతి ఇంతకన్నా స్పష్టం. శరత్తులో దాని గోధుమరంగు బొచ్చు తెల్లబారడానికి ప్రధానంగా పగటి పొడవు తగ్గడమే కారణం. మంచు ఆలస్యంగా కురిసిన ఏడు, ఎండుటాకుల మీద పాలలా తెల్లని కుందేలు, తాను ఎవరికీ కనబడటం లేదన్న ధీమాతో కదలకుండా కూర్చుని వేటజంతువుల నోటికి చిక్కుతుంది. ముందుచూపు అంటూ ఉంటే అది మొదట ఉండవలసింది ప్రాణం పోయే ఆ కుందేలుకే కదా!

నీలిమబ్బు

ఇక్కడ రెండు రకాల సామెతలను ఒకే గాటన కట్టకూడదని నా మనవి. చంద్రుని చుట్టూ గుడి కడితే వాన వస్తుందన్న మాటకు గట్టి కారణం ఉంది: ఎత్తైన పలుచని మేఘాల్లోని మంచు స్ఫటికాల గుండా కాంతి వంగినప్పుడు ఆ వలయం ఏర్పడుతుంది, ఆ మేఘాలు తరచుగా వానమబ్బుల కంటే ముందు నడుస్తాయి. కీచురాళ్ల అరుపుకూ వేడిమికీ ఉన్న సంబంధాన్ని అమోస్ డాల్బేర్ 1897లో సూత్రంగానే రాశారు. కానీ ఇవి ఈ క్షణం గురించో, మహా అయితే రేపటి గురించో చెప్పే గుర్తులు. మూడు నెలల తరువాతి చలిని చెప్పే గుర్తు అంటే అది వేరే జాతి. ఆరు వారాల ముందుమాట చెబుతుందనే, అమెరికాలోని పంక్సటానీ ఊరి ఉడుతజాతి జంతువు గ్రౌండ్‌హాగ్‌నే చూడండి: 1887 నుంచి ఏటా ఫిబ్రవరి 2న వేడుక జరుగుతున్నా, అమెరికా వాతావరణ సంస్థ నోవా ఇటీవలి ఏళ్లను సరిచూస్తే దాని జోస్యం సగం సార్లు కూడా నిలవలేదు.

పాతదారి

నీలిమబ్బు గారి విభజన బాగానే ఉంది. కానీ నెలల ముందు చెప్పే జానపద గుర్తు ఏదీ పనిచేయదన్న నిర్ణయానికి రావడం తొందరపాటు. పెరూ, బొలీవియాల ఆండీస్ పర్వతాల్లోని రైతులు జూన్ చివర, సెయింట్ జాన్ పండుగ రోజుల్లో, తెల్లవారకముందే గట్టులెక్కి కృత్తికా నక్షత్రాలను చూస్తారు. చుక్కలు పెద్దవిగా, కాంతిమంతంగా కనిపిస్తే వానలు వేళకు పడి బంగాళాదుంప పండుతుందని, మసకగా ఉంటే వానలు ఆలస్యమవుతాయని భావించి నాటు వెనక్కు జరుపుతారు. ఈ ఆచారం కనీసం 400 ఏళ్ల నాటిది.

2000లో బెన్ ఓర్లోవ్, జాన్ చియాంగ్, మార్క్ కేన్ ‘నేచర్’ పత్రికలో దీని గుట్టు విప్పారు. పసిఫిక్ సముద్రపు నీరు మామూలు కంటే వేడెక్కే ఎల్ నినో ఏర్పడే ఏడు జూన్‌లో ఆ ఆకాశంలో ఎత్తున పలుచని మేఘాలు పెరుగుతాయి. అవి విడిగా కంటికి ఆనవు గాని, కృత్తికలలోని చిన్న చుక్కలను మాత్రం మసకబారుస్తాయి. అదే ఎల్ నినో కొన్ని నెలల తరువాత అక్కడి వానలను తగ్గిస్తుంది. మేఘాల పేరు, ఎల్ నినో పేరు తెలియకుండానే రైతులు ఆ రెండింటి మధ్య ఉన్న దారాన్ని పట్టుకున్నారు. కనుక ‘జానపదమా, శాస్త్రమా’ అని విడదీసి అడగడం కంటే, ఆ గుర్తు దేనివల్ల పుడుతుందో అడగడం మేలు.

కొలతబద్ద

పాతదారి గారూ, మీ ఉదాహరణ నా వాదానికే బలం చేకూరుస్తోంది. జూన్ మసకకూ, తరువాతి వానల కొరతకూ మూలం ఒక్కటే: నెలల తరబడి నిలిచి ఉండే సముద్రపు వేడి. గొంగళిపురుగు పట్టీకీ జనవరి మంచుకూ అటువంటి ఉమ్మడి మూలం ఏదో చూపించండి, నేను వెంటనే ఒప్పుకుంటాను.

ఉత్తరగాలి

ఉమ్మడి మూలం ఇప్పటికి దొరకకపోవడమూ, లేకపోవడమూ ఒకటి కాదు. ఓర్లోవ్ బృందం రాసేదాకా కృత్తికల సంగతీ అంతే కదా! ఇక వాతావరణ సంస్థల అధికారిక ముందస్తు అంచనాలు మాత్రం చలికాలం ఇలాగే ఉంటుందని చెబుతున్నాయా? ‘సగటు కంటే వెచ్చగా ఉండే అవకాశం 45 శాతం’ వంటి మాటలు విన్న రైతు కట్టెలు ఎన్ని కొట్టుకోవాలో ఎలా తేల్చుకుంటాడు?

కొలతబద్ద

ఆ 45 శాతాన్ని చిన్నచూపు చూడకండి. వెచ్చన, సగటు, చల్లన అనే మూడు గళ్లలో ఏ సమాచారమూ లేకపోతే ఒక్కోదానికి వచ్చేది 33 శాతమే. ఆ తేడా చిన్నదే కావచ్చు గాని, తప్పయితే తప్పని తేల్చగలిగేంత స్పష్టంగా ఉంది. పెర్సిమన్ అనే పండు గింజను చీల్చి చలికాలం చెప్పే జానపద జోస్యంలో కొరవడినది సరిగ్గా అదే. జారిపోయే ఆ గోధుమరంగు గింజను వేళ్ల మధ్య బిగించి, సన్నని కత్తితో అంచు వెంబడి నిలువుగా చీలిస్తే లోపల తెల్లని మొలక కనిపిస్తుంది. అది చెంచాలా ఉంటే పారతో ఎత్తిపోసేంత మంచు, కత్తిలా ఉంటే కోసే చలిగాలి, ఫోర్కులా ఉంటే తేలికపాటి చలికాలం అంటారు. చెంచా మంచు పరిమాణం చెబుతోంది, కత్తి గాలి చెబుతోంది, ఫోర్కు వేడిమి చెబుతోంది. మంచు విపరీతంగా పడి గాలి లేని ఏడు కత్తి గెలిచిందా, ఓడిందా? ఒకే చెట్టు గింజల్లో మూడూ కనిపిస్తే ఏం చేయాలి?

మీకు అభ్యంతరం లేకపోతే ఒక పని చేద్దాం. గింజలు కోయకముందే, ‘గట్టి చలి’ అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సగటు ఉష్ణోగ్రత 30 ఏళ్ల సగటు కంటే ఎంత తగ్గాలో, ఏ కేంద్రం కొలతను ప్రమాణంగా తీసుకోవాలో మీరే ఇక్కడ రాయండి.

ఉత్తరగాలి

రాస్తాను. అయితే మంచు పరిమాణాన్ని విడిగా లెక్కించాలి, గొంగళిపురుగులను కూడా చేర్చాలి, ఒక్క ఏడాది ఫలితంతో ఎవరూ గెలిచామనకూడదు.