మెల్‌బోర్న్‌లో మొదటి ఇల్లు: బ్రోకర్ ద్వారా వెళ్ళాలా, నేరుగా బ్యాంకుకా?

ప్రశ్న, ట్రుగనైనా నుంచి:

అందరికీ నమస్కారం. నేను, మా ఆవిడ హైదరాబాద్ నుంచి వచ్చి రెండేళ్ళు కావస్తోంది. ఈమధ్యే పీఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే వీసా) వచ్చింది. అద్దె కడుతూ ఉండే బదులు ఇల్లు కొందామని చూస్తున్నాం. ఉగాది కార్యక్రమంలో ఒక తెలుగు మార్ట్‌గేజ్ బ్రోకర్ గారు (బ్యాంకుల నుంచి ఇంటి లోన్ ఇప్పించేవారు) పరిచయమయ్యారు. "అంతా నేను చూసుకుంటాను, మీరు నాకు ఒక్క డాలర్ కూడా ఇవ్వక్కర్లేదు" అన్నారు. ఒక బిల్డర్ దగ్గర హౌస్ అండ్ ల్యాండ్ ప్యాకేజీ (స్థలం, దాని మీద కట్టబోయే ఇల్లు కలిపి అమ్మేది) కూడా ఆయనే చూపించారు. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నప్పుడు మేం నేరుగా బ్యాంకుకే వెళ్ళాం, ఆ ఈఎంఐ ఇంకా నడుస్తోంది. ఇక్కడ బ్రోకర్ ద్వారా వెళ్ళడం మంచిదేనా? డబ్బు తీసుకోకుండా ఇంత పని ఎందుకు చేస్తారు? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పగలరు.

జవాబు, టార్నీట్ నుంచి:

నమస్తే అండీ, పీఆర్ వచ్చినందుకు శుభాకాంక్షలు. ఇల్లు కొనేవాళ్ళకి అది చాలా పెద్ద విషయం. టెంపరరీ వీసా మీద ఉన్నవాళ్ళు పాత ఇళ్ళు కొనకుండా 2025 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఆపేసింది. వాళ్ళు కొత్త ఇల్లు కొనాలన్నా ఎఫ్ఐఆర్‌బీ (విదేశీ పెట్టుబడులు చూసే ప్రభుత్వ బోర్డు) అనుమతి కావాలి, పైగా మన విక్టోరియా రాష్ట్రంలో మామూలు స్టాంప్ డ్యూటీకి తోడు ఇంకో 8 శాతం కట్టాలి. మీకు ఆ టెన్షన్ లేదు.

ఇక బ్రోకర్ సంగతి. ఈ దేశంలో కొత్త హోమ్ లోన్లలో నాలుగింట మూడు వంతుల దాకా బ్రోకర్ల ద్వారానే జరుగుతున్నాయి. కాబట్టి బ్రోకర్ దగ్గరికి వెళ్ళడం ఇక్కడ మామూలు దారే. ఆయన మీ దగ్గర డబ్బు తీసుకోరు అన్నది కూడా నిజమే, ఎందుకంటే ఆయనకి బ్యాంకు ఇస్తుంది. లోన్ సెటిల్ అయినప్పుడు లోన్ మొత్తం మీద సుమారు 0.65 శాతం, ఆ తర్వాత లోన్ నడిచినంత కాలం మిగిలిన బాకీ మీద ఏడాదికి సుమారు 0.15 శాతం ట్రైల్ కమిషన్ అందుతుంది. మీరు 6 లక్షల డాలర్ల లోన్ తీసుకుంటే ముందుగా 3,900 డాలర్లు, మొదట్లో ఏటా 900 దాకా వస్తాయన్నమాట. ఇందులో దొంగతనం ఏమీ లేదు. కానీ మీ లోన్ పెద్దదైతే ఆయన ఆదాయం పెరుగుతుందన్న సంగతి మీకు తెలిసి ఉండాలి. బ్యాంకు వాళ్ళ లెక్కలో మీకు 7 లక్షలు వస్తుందని బ్రోకర్ చెప్పినంత మాత్రాన మీరు 7 లక్షలు తీసుకోవాలని లేదు. నెలకి ఎంత కట్టగలరో మీరిద్దరూ కూర్చుని ముందే తేల్చుకుని, ఆ అంకెతో ఆయన దగ్గరికి వెళ్ళండి.

ఇంకో సంగతి చాలామందికి చెప్పరు. రెండేళ్ళలోపు మీరు లోన్ వేరే బ్యాంకుకి మార్చుకుంటే, ఆయనకి ఇచ్చిన కమిషన్‌ని బ్యాంకు చాలావరకు వెనక్కి తీసుకుంటుంది. దాన్ని క్లాబ్యాక్ అంటారు. కొంతమంది బ్రోకర్లు ఆ డబ్బు కస్టమరే కట్టాలని తమ ఒప్పందంలో రాసుకుంటారు. మొదటి మీటింగ్‌లో మీ చేతికిచ్చే క్రెడిట్ గైడ్ (బ్రోకర్ ఎవరు, ఆయనకి డబ్బు ఎలా వస్తుంది అన్నది చెప్పే కాగితం), దానితో పాటు మీ చేత సంతకం పెట్టించే కాగితాలు ఇంటికి తెచ్చుకుని నిదానంగా చదవండి. అక్కడే సంతకం పెట్టమంటే రేపు పంపిస్తానని చెప్పండి.

కమిషన్ పద్ధతి మీద ఇక్కడ పెద్ద చర్చే నడిచింది. మాజీ జడ్జి కెన్నెత్ హేన్ నడిపిన బ్యాంకింగ్ రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసిన విచారణ సంఘం) 2019 ఫిబ్రవరిలో ఇచ్చిన చివరి నివేదికలో, బ్రోకర్‌కి బ్యాంకు బదులు అప్పు తీసుకునేవాళ్ళే ఫీజు ఇవ్వాలని సిఫారసు చేశారు. ప్రభుత్వం దాన్ని అమలు చేయలేదు. దానికి బదులు 2021 జనవరి 1 నుంచి బ్రోకర్ కస్టమర్ మేలుకే పనిచేయాలని చట్టం పెట్టారు. దాన్ని బెస్ట్ ఇంటరెస్ట్స్ డ్యూటీ అంటారు. అందుకే "ఏ ఏ బ్యాంకులు చూశారు, మిగతావి కాదని ఇదే ఎందుకు చెప్తున్నారు, రాసి ఇవ్వండి" అని అడిగే హక్కు మీకుంది. మా బ్రోకర్‌ని ఇలా అడిగితే ఆవిడ మూడు బ్యాంకుల రేట్లు, ఫీజులు, ఆఫ్‌సెట్ అకౌంట్ (అందులో ఉన్న డబ్బు మేరకు లోన్ వడ్డీ తగ్గేది) ఉందా లేదా అన్నీ ఒక పేజీలో పెట్టి పంపారు. మా ఆవిడ ఏజ్డ్ కేర్‌లో (వృద్ధుల సంరక్షణలో) పనిచేస్తుంది. నైట్ షిఫ్టులకి, వీకెండ్లకి వచ్చే అదనపు డబ్బుని ఒక్కో బ్యాంకు ఒక్కోలా లెక్కేస్తుంది. అప్లికేషన్ పెట్టకముందే మా బ్రోకర్ బ్యాంకులకి ఫోన్ చేసి, ఆ డబ్బుని పూర్తిగా ఎవరు లెక్కలోకి తీసుకుంటారో కనుక్కుని అప్పుడే ఫైలు కదిలించారు. మంచి బ్రోకర్ సర్వీస్ అంటే నా దృష్టిలో అదే. ఎందుకంటే పెట్టిన ప్రతి అప్లికేషన్ మీ క్రెడిట్ రిపోర్ట్‌లో (మీ అప్పుల చరిత్రలో) ఐదేళ్ళు కనిపిస్తుంది. నాలుగు బ్యాంకులకి ఒకేసారి పంపి ఎక్కడ తగిలితే అక్కడ అనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి.

అయితే మీరు రాసినదాంట్లో నాకు నిజంగా ఆందోళన కలిగించింది ఆ హౌస్ అండ్ ల్యాండ్ ప్యాకేజీ. నేను చెప్పిన చట్టం లోన్ సలహాకి వర్తిస్తుంది. ఏ ఇల్లు, ఏ ఎస్టేట్, ఏ బిల్డర్ అన్నదానికి కాదు. కస్టమర్‌ని పంపినందుకు బిల్డర్లు, డెవలపర్లు రెఫరల్ ఫీజు ఇవ్వడం ఈ వెస్ట్ సైడ్‌లో కొత్తేమీ కాదు. "ఈ బిల్డర్ నుంచి మీకేమైనా వస్తుందా, వస్తే ఎంత?" అని నేరుగా అడగండి. మర్యాద తక్కువ అవుతుందని మొహమాట పడొద్దు. వచ్చినా రాకపోయినా సూటిగా చెప్పే మనిషైతే మాట్లాడొచ్చు. మాట దాటేస్తే ఇల్లు చూపించడానికి ఆయన్ని వాడకండి, వీలైతే లోన్‌కి కూడా వద్దు.

ఆ ప్యాకేజీల్లో స్థలానికి టైటిల్ రావడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మీ ప్రీ అప్రూవల్ (ఇంత లోన్ ఇస్తామని బ్యాంకు ముందుగా చెప్పే మాట) సాధారణంగా మూడు నెలలే ఉంటుంది. టైటిల్ వచ్చే నాటికి రేట్లు మారొచ్చు, ఉద్యోగం మారొచ్చు, బ్యాంకు వాల్యుయేషన్ మీరు ఒప్పుకున్న ధరకంటే తక్కువ రావొచ్చు. తక్కువ వస్తే ఆ తేడా మీరే చేతినుంచి పెట్టుకోవాలి. ఆ తర్వాత బేస్ (పునాది), ఫ్రేమ్ (చట్రం), లాకప్ (తలుపులు, కిటికీలు పెట్టే దశ) అంటూ బిల్డర్‌కి విడతలుగా డబ్బు వెళ్తుంటే, ఇటు అద్దె, అటు వడ్డీ రెండూ కడుతుంటారు. ఇవన్నీ ముందే లెక్కేసి చూపించిన బ్రోకర్లు ఉన్నారు. బ్రోషర్ చూపించి వదిలేసినవాళ్ళూ ఉన్నారు.

జవాబు, క్లైడ్ నార్త్ నుంచి:

నేను మాత్రం బ్రోకర్ లేకుండా నా జీతం పడే బ్యాంకుకే వెళ్ళాను. సుఖంగానే జరిగింది. ఒకే ఉద్యోగం, 20 శాతం డిపాజిట్ (ఇంటి ధరలో మనం ముందుగా పెట్టే సొంత డబ్బు), ఇండియాలో అప్పులేమీ లేవు, అలాంటి సులువైన ఫైలుకి బ్రోకర్ తప్పనిసరి కాదు. పైగా కొన్ని చిన్న సంస్థలు బ్రోకర్లకి కమిషన్ ఇవ్వవు కాబట్టి వాటి రేట్లు బ్రోకర్ జాబితాలోనే ఉండవు. మీరే ఒక సాయంత్రం కూర్చుని చూసుకోండి. చూసేటప్పుడు పెద్దక్షరాల్లో ఉండే రేటుతో పాటు కంపారిజన్ రేటు (ఫీజులు కూడా కలిపి చెప్పే రేటు) కూడా చూడండి. అది లక్షన్నర డాలర్ల లోన్, 25 ఏళ్ళకి వేసిన లెక్క కాబట్టి మీ లోన్‌కి అచ్చంగా సరిపోదు, కానీ ఫీజులు ఎక్కడ దాగున్నాయో తెలుస్తుంది.

జవాబు, పాయింట్ కుక్ నుంచి:

హైదరాబాద్ ఫ్లాట్ ఈఎంఐ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్తాను. ఇది చాలా ముఖ్యం అండీ. మేం మొదట కలిసిన బ్రోకర్ "ఇండియా లోన్ ఇక్కడ ఎవరికీ కనిపించదు, రాయకండి, ఎలిజిబిలిటీ పెరుగుతుంది" అన్నారు. ఆ రోజే ఆయనకి దండం పెట్టి వచ్చేశాం. అప్లికేషన్ మీద సంతకం పెట్టేది మనం, అబద్ధం రాసినట్టు తేలితే జవాబు చెప్పాల్సిందీ మనమే. ఇండియాకి ప్రతి నెలా డబ్బు పంపుతుంటే అది మన స్టేట్‌మెంట్లలో కనిపిస్తూనే ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ లెక్క మన మంచికే ఉంది. ఇక్కడి బ్యాంకుల రెగ్యులేటర్ ఏప్రా 2021 చివరి నుంచి బ్యాంకులని అసలు రేటుకి 3 శాతం కలిపి లెక్కేయమంది. రేటు 6 అయితే 9 శాతం అయినా కట్టగలరా అని చూస్తారు. ఈఎంఐ దాచి ఆ పరీక్ష దాటితే, రేట్లు పెరిగినప్పుడు ఊపిరాడదు. అలా చెప్పే బ్రోకర్ తెలుగువారైనా, దూరపు చుట్టమైనా వదిలేయండి.

అలాగే క్రెడిట్ కార్డు మీద బాకీ లేకపోయినా దాని లిమిట్‌ని బ్యాంకు అప్పుగానే చూస్తుంది. వాడని కార్డులుంటే ముందే రద్దు చేసుకోండి.

డిపాజిట్‌కి ఇండియా నుంచి డబ్బు తెప్పించుకుంటారా? మా మామగారు గుంటూరు దగ్గర స్థలం అమ్మి కొంత పంపారు. ఇండియాలో ఉండేవాళ్ళు ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల అమెరికన్ డాలర్ల దాకా పంపవచ్చు. ఇల్లు కొనడానికైతే 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద అక్కడి బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. ఆ డబ్బు పోదు, ఆయన ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, కానీ వెనక్కి వచ్చేదాకా పెద్దాయన చేతిలో అంత తక్కువగానే ఉంటుంది. అది ముందే చెప్పాలి. మీ పేరున ఇండియాలో ఎన్ఆర్ఓ అకౌంట్‌లో (విదేశాల్లో ఉండేవాళ్ళకి అక్కడి బ్యాంకుల్లో ఉండే ఖాతాలో) ఉన్న సొంత డబ్బైతే ఈ టీసీఎస్ లేదు. ఇక్కడి బ్యాంకుకి మాత్రం ఇది బహుమతి, తిరిగి ఇవ్వక్కర్లేదు అని గిఫ్ట్ లెటర్ కావాలి. ఆఖర్లో వచ్చిన డబ్బుని చాలా బ్యాంకులు సొంత పొదుపుగా ఒప్పుకోవు, మూడు నెలలు మీ అకౌంట్‌లో ఉండాలంటాయి. మా రెండో బ్రోకర్ ఇది మొదటి ఫోన్‌లోనే చెప్పారు కాబట్టి మామగారు తొందరగా పంపగలిగారు.

మళ్ళీ ట్రుగనైనా నుంచి:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలండీ. ఇంకో రెండు అడుగుతాను. మా దగ్గర 20 శాతం డిపాజిట్ లేదు, ఎల్ఎంఐ కట్టాల్సిందేనా? బ్రోకర్ నిజంగా లైసెన్స్ ఉన్నవారా కాదా ఎలా తెలుస్తుంది?

జవాబు, టార్నీట్ నుంచి:

కట్టక్కర్లేకపోవచ్చు. ఎల్ఎంఐ అనేది మన ఖర్చుతో బ్యాంకుకి చేయించే బీమా, మనకి దానివల్ల రక్షణ ఏమీ లేదు. మొదటిసారి కొనేవాళ్ళకి ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చే 5 శాతం డిపాజిట్ స్కీమ్ ఉంది. 2025 అక్టోబర్ 1 నుంచి ఆదాయ పరిమితి తీసేశారు, మెల్‌బోర్న్‌లో 9 లక్షల 50 వేల డాలర్ల దాకా ధర ఉన్న ఇంటికి వర్తిస్తుంది, పీఆర్ ఉన్నవాళ్ళు అర్హులే. ఆస్ట్రేలియాలో ఇల్లు ఉందా అన్నదే చూస్తారు కాబట్టి హైదరాబాద్ ఫ్లాట్ అడ్డు కాదు. కానీ మీరు ఆ ఇంట్లో ఉండాలి, అద్దెకివ్వడానికి కాదు. అన్ని బ్యాంకులూ ఇందులో లేవు, మీ బ్రోకర్ దగ్గర ఉన్నవాటిలో ఏవి ఉన్నాయో అడగండి. 5 శాతమే పెడితే లోన్ పెద్దదవుతుంది, వడ్డీ ఎక్కువ కడతారు, అది మర్చిపోవద్దు. స్టాంప్ డ్యూటీ విషయంలో విక్టోరియాలో మొదటి ఇల్లు 6 లక్షల దాకా అయితే పూర్తి మినహాయింపు, అక్కడినుంచి ఏడున్నర లక్షల దాకా కొంత తగ్గింపు ఉంటుంది.

లైసెన్స్ కోసం అసిక్ (కంపెనీలని, ఆర్థిక సేవలని చూసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో ప్రొఫెషనల్ రిజిస్టర్ ఉంది. ఆయన పేరు కొట్టి చూడండి, క్రెడిట్ లైసెన్సో, క్రెడిట్ రిప్రజెంటేటివ్ నంబరో కనిపించాలి. తేడా వస్తే అఫ్కాకి (ఆర్థిక సేవల మీద ఫిర్యాదులు తీర్చే సంస్థకి) ఫిర్యాదు చేయవచ్చు, ఖర్చు లేదు. మా పక్కింటివాళ్ళు చేశారు. ఫైనాన్స్ గడువు (లోన్ ఖాయం చేసుకోవడానికి కాంట్రాక్టులో ఇచ్చిన సమయం) దాటిపోతున్నా వాళ్ళ బ్రోకర్ ఫోన్ ఎత్తలేదు. చివరికి కన్వేయన్సరే (ఇంటి కొనుగోలు కాగితాలు చూసే నిపుణులు) అమ్మేవాళ్ళకి రాసి గడువు పొడిగించారు. అందుకే కన్వేయన్సర్‌ని మాత్రం బ్రోకర్ చెప్పినవారిని కాకుండా మీరే వెతుక్కోండి.

ఆ ప్యాకేజీకి హోల్డింగ్ డిపాజిట్ (మీ కోసం ఆపి ఉంచడానికి ముందుగా కట్టే డబ్బు) అడుగుతుంటే ఇప్పుడే ఇవ్వకండి. కాంట్రాక్టు, సెక్షన్ 32 (ఆస్తి వివరాలతో అమ్మేవాళ్ళు ఇచ్చే పత్రం) ముందు కన్వేయన్సర్‌కి పంపండి. ఇక్కడ వేలంలో కాకుండా కొంటే సంతకం పెట్టాక వెనక్కి తగ్గడానికి మూడు పనిదినాల కూలింగ్ ఆఫ్ ఉంటుంది, మనసు మారితే ధరలో 0.2 శాతం పోతుంది. ఈలోగా మీ క్రెడిట్ రిపోర్ట్ ఒకసారి తెప్పించుకోండి, మూడు నెలలకోసారి ఉచితంగా ఇస్తారు. రెఫరల్ ఫీజు గురించి ఆయన ఏమన్నారో ఇక్కడ రాయండి, అప్పుడు మిగతాది చూద్దాం.