ప్లాస్మా 6కి మారాక బ్రౌజర్‌లో ఆర్‌టీఎస్ తెలుగు పడటం లేదు

నాగావళి ఒడ్డు

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. మా పెదనాన్న తప్పెటగుళ్ళ దళంలో పాడేవారు, ఆయన నోటుపుస్తకాల్లోని పాటలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. సలహాలిచ్చే టైపింగ్ నాకు పనికిరాదు, ‘ఎల్తన్నాడు’ అని కొడితే ‘వెళ్తున్నాడు’ అని దిద్దేస్తుంది, ఆ యాస పోయాక పాటలో ఇంకేముంటుంది. అందుకే టైపింగ్‌ని నడిపే ఎఫ్‌సిటిక్స్ 5 ప్రోగ్రామ్‌లో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఎం17ఎన్ ఆర్‌టీఎస్ పద్ధతి పెట్టుకున్నాను, కొట్టింది కొట్టినట్టు పడుతుంది.

ఈమధ్య నా లినక్స్ డెస్క్‌టాప్‌ని ప్లాస్మా 6కి అప్‌గ్రేడ్ చేశాను, అది పాత ఎక్స్11 బదులు వేలాండ్ అనే కొత్త డిస్‌ప్లే పద్ధతిలో తెరుచుకుంటోంది. కేట్ ఎడిటర్‌లో తెలుగు బాగానే పడుతోంది, రోజూ వాడే బ్రౌజర్‌లో మాత్రం కంట్రోల్ స్పేస్ ఎన్నిసార్లు నొక్కినా ఇంగ్లీషే. పైగా లాగిన్ అయిన ప్రతిసారీ జీటీకే, క్యూటీ (ప్రోగ్రాముల కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీలు) వేరియబుల్స్ తీసేయమని ఎఫ్‌సిటిక్స్ నోటిఫికేషన్ ఇస్తోంది. ఇన్‌స్టాల్ చేసినప్పుడు వాటిని పెట్టమనే కదా గైడ్‌లో రాశారు! పాటలు అందరం చూసుకునేలా ఆన్‌లైన్ షీట్‌లో పెడుతున్నాం కాబట్టి బ్రౌజర్ లేకపోతే పని సాగదు. ఇలాంటిదే ఇంకో ప్రోగ్రామ్ ఐబస్‌కి మారిపోనా?

చంపావతి

మారక్కర్లేదు తమ్ముడూ, ఐబస్‌కి వెళ్ళినా ఇదే చిక్కు ఎదురవుతుంది. ఆ నోటిఫికేషన్ చెప్పినట్టు చెయ్, కానీ ఎందుకో తెలుసుకుని చెయ్, లేకపోతే వచ్చే అప్‌గ్రేడ్‌కి మళ్ళీ ఇక్కడికే వస్తావు.

ఆర్‌టీఎస్‌లో కె కొడితే ముందు క్ పడుతుంది, తర్వాత ఏ కొడితే అది క అవుతుంది, ఇంకో ఏ కొడితే కా. అంటే పడిన అక్షరాన్నే మళ్ళీ మళ్ళీ మార్చాలి, మాట పూర్తయ్యేదాకా దాన్ని కింద గీతతో పట్టి ఉంచాలి. ఆ పని ఒక్క కీబోర్డ్ లేఅవుట్ వల్ల కాదు, మధ్యలో ఎఫ్‌సిటిక్స్ ఉండాలి, అది నువ్వు టైప్ చేస్తున్న ప్రోగ్రామ్‌తో మాట్లాడగలగాలి. పాత ఎక్స్11లో చాలావరకు ప్రతి ప్రోగ్రామ్ తనలోకి ఒక మాడ్యూల్ లోడ్ చేసుకుని నేరుగా మాట్లాడేది, ఆ మాడ్యూల్ పేరు చెప్పడానికే ఆ వేరియబుల్స్. వేలాండ్‌లో అలా కాదు, ప్రోగ్రామ్ వెళ్ళి తెర మీద కిటికీలను చూపించే కంపోజిటర్‌ని అడుగుతుంది, ప్లాస్మాలో అది క్విన్, ఆ క్విన్ ఎఫ్‌సిటిక్స్‌ని అడుగుతుంది. వేరియబుల్స్ అలాగే ఉంచితే కొన్ని ప్రోగ్రాములు పాత దారిలోనే పోతాయి.

కాబట్టి సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్, అందులో వర్చువల్ కీబోర్డ్ తెరిచి ఎఫ్‌సిటిక్స్ 5 ఎంచుకో. పేరు చూసి కంగారుపడకు, తెర మీద కీబోర్డ్ ఏమీ రాదు. క్విన్ దాన్ని తనే స్టార్ట్ చేస్తుంది కాబట్టి ఆటోస్టార్ట్‌లో ఉంటే తీసేయ్. జీటీకే, క్యూటీ ఐఎమ్ మాడ్యూల్ లైన్లు రెండూ తీసేసి ఎక్స్‌మాడిఫైయర్స్ లైన్ ఉంచు, ఎక్స్‌వేలాండ్‌లో నడిచే పాత ఎక్స్11 ప్రోగ్రాములకు అది కావాలి. డెబియన్ లేదా ఉబుంటు కుటుంబమైతే ఐఎమ్-కాన్ఫిగ్ అనే సెట్టింగ్ ప్రోగ్రామ్ కూడా వీటిని పెట్టే అవకాశం ఉంది, అక్కడా చూసుకో. తర్వాత లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వు.

ఇక బ్రౌజర్. ఫైర్‌ఫాక్స్ అయితే దీంతోనే దారిలో పడుతుంది. క్రోమియం మీద కట్టిన బ్రౌజర్ అయితే వెర్షన్‌ని బట్టి ‘ఎనేబుల్ వేలాండ్ ఐఎమ్ఈ’ ఆప్షన్ ఇచ్చి తెరవాలి, డెస్క్‌టాప్ ఐకాన్ కమాండ్‌లో చివర చేర్చుకో. ఎలక్ట్రాన్‌తో చేసిన చాట్ ప్రోగ్రాములకూ ఇదే మందు. అప్పటికీ పడకపోతే టెర్మినల్‌లో ఎఫ్‌సిటిక్స్5-డయాగ్నోజ్ నడిపి, వచ్చింది ఇక్కడ పెట్టు.

మూడు లాంతర్ల జంక్షన్

బాబూ, పైన చెప్పింది సరైనదే. కానీ పుస్తకాలకు పుస్తకాలు ఎక్కించే పని కాబట్టి ఒక మాట. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ అమరిక నేర్చుకుంటే తెలుగుకి ఎఫ్‌సిటిక్స్, ఐబస్ రెండూ అక్కర్లేదు. లేఅవుట్లలో ఇండియా కింద తెలుగు చేర్చుకుంటే సరిపోతుంది, వేలాండ్ అయినా ఎక్స్11 అయినా, ఏ ప్రోగ్రామ్‌లోనైనా పడుతుంది, ఎందుకంటే అందులో ఒక మీటకి ఒక గుర్తు, వెనక్కి వెళ్ళి మార్చేది ఏమీ లేదు. మీ శ్రీకాకుళం పేరులో ‘శ్రీ’ చూడండి, షిఫ్ట్ ఎమ్‌తో శ, డితో పొల్లు, జెతో ర, షిఫ్ట్ లేకుండా ఆర్‌తో దీర్ఘం. ఆ నాలుగింటినీ కలిపి ‘శ్రీ’గా చూపించే పని ఫాంట్‌ది, దాన్ని గీసే లైబ్రరీది.

1991 నాటి భారత ప్రమాణంలోనే ఉన్న అమరిక ఇది. మొదట్లో విసుగొస్తుంది, నిజమే. కానీ ఒడియాకీ ఇదే అమరిక, క ఉన్నచోటే అక్కడా క ఉంటుంది. ఇచ్ఛాపురం వైపు పాటలు సేకరిస్తే ఒడియా మాటలు తగలకుండా ఉండవు, అప్పుడు వేరే టైపింగ్ నేర్చుకోనక్కర్లేదు.

నాగావళి ఒడ్డు

అన్నా, పడింది! ఆ రెండు లైన్లూ తీసేసి, బ్రౌజర్‌కి ఆప్షన్ చేర్చాక షీట్‌లో ‘ఎల్తన్నాడు’ చక్కగా వచ్చింది, నోటిఫికేషన్ కూడా పోయింది. మాస్టారూ, మీ ఒడియా మాట నన్ను ఆలోచనలో పడేసింది, మా దగ్గర అలాంటి పాటలు నిజంగానే ఉన్నాయి. ప్రస్తుతానికి ఆర్‌టీఎస్‌లోనే పుస్తకాలు పూర్తి చేసి, ఇన్‌స్క్రిప్ట్ పక్కన మొదలుపెడతాను. ఇంకొక్కటి, లిబ్రేఆఫీస్‌లో తెలుగు పడుతోంది కానీ డాక్యుమెంట్ అంతటికీ ఫాంట్ మారుద్దామని స్టైల్‌లో మారిస్తే తెలుగు అక్షరాలు మాత్రం మారడం లేదు, ఇదీ ఎఫ్‌సిటిక్స్ వల్లేనా?

చంపావతి

కాదు, దానికీ దీనికీ సంబంధం లేదు. లిబ్రేఆఫీస్ తెలుగుకి వేరే ఫాంట్ గుర్తుపెట్టుకుంటుంది. ఆప్షన్స్‌లో లాంగ్వేజెస్‌కి వెళ్ళి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (తెలుగులాంటి లిపుల సెట్టింగ్) ఆన్ చేసి, భాష తెలుగు అని పెట్టు. అప్పుడు స్టైల్ ఫాంట్ పేజీలో ఇంగ్లీషు ఫాంట్‌తో పాటు తెలుగుకి విడిగా ఇంకో వరస కనిపిస్తుంది, నోటో సాన్స్ తెలుగు కావాలంటే అక్కడ పెట్టాలి.