బయటి గోడలకి ఎర్ర ఇటుకా, ఫ్లైయాష్ ఇటుకా, ఏఏసీ బ్లాకులా? (కాకినాడ)

ఉప్పుగాలి:
నమస్కారం అండి. కాకినాడలో సర్పవరం దాటి కొద్దిగా లోపలికి 200 గజాల్లో జీ ప్లస్ వన్ మొదలుపెట్టాం, పడమర ఫేసింగ్. పిల్లర్లు, ప్లింత్ బీములు (గోడల అడుగున పిల్లర్లని కలిపేవి) అయిపోయాయి. వచ్చే నెల గోడలు లేపాలి, దేంతో లేపాలో ఇంకా తేలలేదు. ఇంజనీరు గారు ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు దిమ్మలు) అంటారు, పని తొందరగా తెములుతుంది, ఇల్లు చల్లగా ఉంటుందని. మేస్త్రీ ఏమో "ముప్పై ఏళ్ళుగా ఎర్ర ఇటుకే కడుతున్నానండీ, ఆ తెల్ల దిమ్మల్లో మేకు నిలబడదు" అంటాడు. మా బావగారు వైజాగ్‌లో ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఇటుకతో కట్టుకున్నారు, ఆయనకి అదే లోకం. ఇవి చాలవన్నట్టు మా ఆవిడకి ముందు గోడంతా రాతి టైల్స్ కావాలట.

అమ్మావాళ్ళ పాత ఇంట్లో కింద మూడడుగుల గోడ ఏటా పెచ్చులూడుతుంది. రెండేళ్ళకోసారి గీకించి రంగు వేయిస్తాం, మళ్ళీ అంతే. కొత్తింట్లో ఆ బాధ వద్దు, నా టెన్షన్ అదే. ఖర్చు కొంచెం పెరిగినా పర్లేదు (కొంచెమే).

మియాపూర్_మామ:
మాది ఏఏసీ, నాలుగేళ్ళయింది. పడమటి గదిలో తేడా నిజంగా తెలుస్తుంది. కానీ ప్రతి పిల్లర్ పక్కనా నిలువుగా సన్నటి పగులు, స్కేలు పెట్టి గీసినట్టు. తప్పు బ్లాకుది కాదు, మాది. కాంక్రీటూ బ్లాకూ కలిసేచోట ప్లాస్టింగ్ కింద కోడి జాలీ (సన్న ఇనుప వల) కొట్టాలి, మా మేస్త్రీ కొట్టలేదు, నాకు తెలీదు. పైగా ఎర్ర ఇటుక అలవాటులో బ్లాకుల్ని నీళ్ళలో నానబెట్టి మరీ కట్టాడు. వీటికి పైన కాస్త చిలకరిస్తే చాలు. మీ మేస్త్రీకి ఇష్టం లేని సరుకు ఆయన చేతిలో పెట్టకండి బ్రో, అంతే నేను చెప్పేది. ఇక మేకు సంగతంటారా, ఏసీ బ్రాకెట్‌కీ గీజర్‌కీ వాటికి తగిన యాంకర్లు దొరుకుతాయి, మామూలు మేకుతో మాత్రం ఆయన చెప్పిందే కరెక్ట్.

సైట్_సుబ్బయ్య:
ఇటుక గొడవ పక్కన పెట్టండి, రెండు ప్రశ్నలు.

ఒకటి, పిల్లర్లు అయిపోయాయి అంటున్నారు కదా, డిజైన్ వేసినాయన గోడ బరువు ఏ ఇటుక లెక్కన తీసుకున్నాడు? వంద చదరపు అడుగుల తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడ సుమారు 4 టన్నులు తూగుతుంది, అదే ఎనిమిదంగుళాల ఏఏసీ అయితే టన్నుంపావు. ఎర్ర ఇటుకకి లెక్కవేసిన పిల్లర్ల మీద ఏఏసీ కట్టినా ఏమీ కాదు. ఏఏసీకి లెక్కవేసి ఇప్పుడు ఎర్ర ఇటుకకి మారితేనే ప్రమాదం. ఫ్లైయాష్ కూడా బరువైనదే. ముందు ఆయనకి ఫోన్ చెయ్యండి.

రెండు, సైట్‌లో నీళ్ళు ఎక్కడివి? మీ వైపు బోర్లలో చాలాచోట్ల ఉప్పు తగులుతుంది. ఐఎస్ 456 (కాంక్రీట్ పనికి మన దేశ ప్రమాణం) ప్రకారం కడ్డీలున్న కాంక్రీట్‌కి వాడే నీళ్ళలో క్లోరైడ్ (ఉప్పులో ఉండేదే) లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. గోడకి అంత పట్టింపు లేదు కానీ, ఉప్పునీళ్ళతో కలిపిన మాలు, ఉప్పునీళ్ళతో తడిపిన గోడ, ఆ ఉప్పు తర్వాత బయటికి రాక మానదు. తెల్లగా పొడి లేచి దాంతోపాటు రంగునీ లప్పాన్నీ తోసేస్తుంది.

మీ అమ్మగారింట్లో కూడా ఇటుక తప్పు అయుండదు. భూమిలో తేమ గోడలోంచి పైకి పాకుతోంది. ఊళ్ళో రోడ్లు వేసినప్పుడల్లా ఎత్తు పెంచుతారు, ఇల్లు పల్లంలో పడుతుంది, ఒకప్పుడు అడుగు ఎత్తున్న బేస్‌మెంట్ మట్టిలోకి పోతుంది. రోడ్డు ఇంకో అడుగు లేస్తుందనుకునే బేస్‌మెంట్ లెవెల్ పెట్టుకోండి. ప్లింత్ బీమ్ మీద డీపీసీ (తేమ పైకి ఎక్కకుండా ఆపే పొర) వెయ్యకుండా మొదటి వరస పెట్టనివ్వకండి.

డాల్ఫిన్_నోస్:
వైజాగ్ నుంచి. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ రోజు. వాన పైనుంచి కాదండీ, పక్కనుంచి కొట్టింది. గోడలు గట్టిగానే ఉన్నాయి. నీళ్ళు వచ్చింది కిటికీ ఫ్రేమ్ చుట్టూ ఉన్న సందుల్లోంచి, పిట్టగోడ పైభాగం పగుళ్ళలోంచి. మీకు సముద్రం తూర్పున, వీధి పడమరన. అంటే ముందు ఎండ, వెనక వాన. జనం డబ్బంతా ఎలివేషన్‌కి (ముందు వైపు అందానికి) పోసి వెనక గోడకి ఒక్క కోటుతో సరిపెడతారు, మీకు సరిగ్గా తిరగేసి చెయ్యాలి. బయట ప్లాస్టింగ్ రెండు కోట్లు, మొత్తం 18-20 మిల్లీమీటర్లు, సన్‌షేడ్ అడుగున నీటిచుక్క వెనక్కి పాకకుండా చిన్న గాడి, పిట్టగోడ తలకి డాబా వైపు వాలు. గాడికి ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, అడక్కపోతే ఎవడూ పెట్టడు.

రాతి టైల్స్ గురించి మా చెల్లెమ్మకి నా మాటగా చెప్పండి, పడమటి ఎండకి నల్లటి రాయి పెనంలా కాలుతుంది, సాయంత్రం వాన పడితే ఒక్కసారి చల్లారుతుంది. వెనక బోలుగా ఉన్న పలక ఏదో ఒకరోజు ఊడుతుంది. మొదటి అంతస్తు ఎత్తులోంచి పడితే ఎవరి నెత్తిన పడుతుందో. కింద గేటు పక్కన చేతికందే ఎత్తు వరకు పెట్టుకోమనండి, ముచ్చట తీరుతుంది.

ఉప్పుగాలి:
అందరికీ థాంక్స్. డిజైనర్‌ని అడిగాను, ఎర్ర ఇటుక బరువుకే వేశాడట, ఊపిరి పీల్చుకున్నా. బోరు నీళ్ళు మాత్రం… కుళాయి చుట్టూ తెల్లగా పేరుకుంటోంది, నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంది. పిల్లర్లకి కాంక్రీట్ మిక్సర్ లారీలో వచ్చింది, తడపడం మాత్రం బోరుతోనే చేశాం.

మేస్త్రీ చేతి అలవాటు చూసి ఎర్ర ఇటుకకే మొగ్గుతున్నా. టైల్స్ మీద ఇంట్లో చర్చలు నడుస్తున్నాయి.

సైట్_సుబ్బయ్య:
తెల్లగా పేరుకున్నది ఉత్త సున్నం కూడా కావచ్చు, ఉప్పగా ఉందన్నారు కాబట్టి ల్యాబ్‌లో క్లోరైడ్ టెస్ట్ చేయించండి. రిపోర్ట్ వచ్చేదాకా ట్యాంకర్ నీళ్ళు వాడండి. ఇటుక కొనేముందు ఒక పళ్ళెంలో అంగుళం నీళ్ళు పోసి ఇటుకని నిలబెట్టండి, మంచినీళ్ళే, బోరువి కాదు. నీళ్ళన్నీ ఆరాక ఇటుక మీద తెల్ల మచ్చలు బాగా కనిపిస్తే ఆ బట్టీ వద్దు. రెండు ఇటుకలు కొట్టి చూస్తే ఖంగుమనాలి.

లోడ్ దిగేటప్పుడు మీరే ఉండండి. మంచివన్నీ పైన పేర్చి పంపుతారు.