నేటి సమస్య: లాగు లేనివాడె లాగగలడు

నిర్వాహకుడు: పొద్దున మా మనవడి లాగు బొందు లోపలికి పోయింది. పిన్నీసు గుచ్చి లాగుతుంటే ఈ పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా పద్యం కానివ్వండి.

వైరా పంతులు:
ఇట్టిదట్టిదనుచు నెన్నగ రానట్టి
రూపులేని శివుడు లోకగురువు
భవపు బురదనుండి భక్తుల నే వేళ
లాగు లేనివాడె లాగగలడు
ఇక్కడ లాగంటే తీరు. దిగంబరుడన్న అర్థం పిలవకుండానే వచ్చి కూర్చుంది.

గణదోషం: బాగుంది. దోసె సమస్య ఇచ్చినా శివుడే, లాగు ఇచ్చినా శివుడే. ఆయనకు సెలవు లేదా పంతులు గారూ?

కొత్తకలం: మొదటి రెండు పాదాలు ఇంకా కుదరలేదండీ.
కొలువు నొక్కటైన కోరిన నేడు బ్యాక్
లాగు లేనివాడె లాగగలడు

గణదోషం: ఐడియా అదిరింది. కానీ ఆ పొల్లు 'క్' గోడ మీద పిల్లిలా ఉంది. కిందికి దూకితే 'క్లాగు' అవుతుంది. క్లాగు ఎవరు తొడుగుతారు నాయనా?

నల్లగొండ అక్క:
వదులు లాగు తోడ వచ్చె చాప్లిను చూడు
మాట లేక నవ్వు మూట విప్పె
మాన్పి బాధలెల్ల మది తన వైపు డై
లాగు లేనివాడె లాగగలడు

వైరా పంతులు: ఆహా! లాగున్నవాడికే లాగు లేకుండా చేశారు తల్లీ. డైలాగు విరుపుకి శివుణ్ణి వెనక్కి తీసుకుంటున్నా.

గణదోషం: తొందరపడకండి. 'చూడు' గణం నింపడానికే. మా-మూ యతి చెల్లదు. పైగా చాప్లిన్‌ది పంట్లాం. మోకాలి దాకా ఉంటే లాగు, చీలమండ దాకా ఉంటే పంట్లాం.

వైరా పంతులు: మాట-మూట ప్రాసయతి స్వామీ, రెండో అక్షరం 'ట' కలిసింది, చాలు. దోసె పూరణలో మీరు పాట-పీట వేసి రెండు రోజులు మురిసిపోయారు. నేను మర్చిపోలేదు.

నల్లగొండ అక్క: మా దగ్గర పొట్టిదైనా పొడుగుదైనా లాగే. అంగీ, లాగు, అంతే. పైజామా కూడా ఫార్సీలో కాలిబట్టే, ఎంత పొడుగో ఆ మాటా చెప్పదు. 1914లో చాప్లిన్ ఆ వేషం కట్టినప్పుడు కోటు బిగుతు, లాగు వదులు. సగం నవ్వు ఆ వదులులోనే ఉంది, అందుకే పద్యం దాంతో మొదలుపెట్టా. 'చూడు' మాత్రం ఒప్పుకుంటా. తీసేసి 'చాప్లినుగారు' అని చదువుకోండి.

గణదోషం: గారు అన్నాక 'వచ్చె' ఏమిటండీ? వచ్చిరి అనాలి. అప్పుడు గణం పోయె.

కొత్తకలం: నా 'క్' సంగతి ఎవరైనా చెప్తారా?